ఆ బండి మునిగిందని మీకు తెలుసు

ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, హైదరాబాద్.



నాది హనుమకొండ. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ మధ్య నెల రోజుల తేడాలో ఒక పాత కారు అమ్మాను, ఇంకో పాత కారు కొనబోయి ఆగాను. ధర ఎలా కుదురుతుందో అన్నేళ్లు పిల్లలకు బోర్డు మీద గీతలు గీసి చెప్పిన నాకు, నా సొంత బండి ధర ఎంతో ఆ నెలంతా అంతుపట్టలేదు. పాత కార్ల గొడవ బీమా సంస్థకెందుకు రాస్తున్నాడీయన అనుకోవద్దు. పాత కారు గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది మీకే.

ముందు నా బండి సంగతి. 2018 మార్చిలో కొన్న పెట్రోలు వ్యాగన్ఆర్. కాలేజీకి, కూరగాయల మార్కెట్టుకి, ఏడాదికోసారి భద్రాచలానికి. ఇన్నేళ్లకీ తిరిగింది 41 వేల కిలోమీటర్లు. అమ్మేద్దామనుకునేసరికి పాలసీ రెన్యువల్ తేదీ దగ్గరపడింది. మా అబ్బాయి ఫోన్‌లో పేజీ తెరిచి ఇచ్చాడు. బండి ఐడీవీ (బీమా కోసం ప్రకటించే విలువ) ఎంతో మీరే ఎంచుకోండి అని అక్కడ ఒక గీత, గీత మీద ఒక చుక్క. బొటనవేలితో కుడికి జరిపితే నా కారు 2 లక్షల 80 వేలు. ఎడమకు జరిపితే లక్షా 70 వేలు. కారు మాత్రం షెడ్డులోనే ఉంది.

ఐడీవీ అంటే బజారు ధర అనుకునే అమాయకులు ఇంకా చాలామంది ఉన్నారు. నేనూ ఒకణ్ణే. షోరూమ్‌లో ఎక్స్ఛేంజ్ అడిగినప్పుడు పాలసీ కాగితం తీసి గర్వంగా బల్ల మీద పెట్టాను. ఆ కుర్రాడు దాన్ని చూడను కూడా చూడలేదు. "అది బండి పోతే వచ్చే లెక్క సార్, ఉంటే వచ్చేది కాదు" అన్నాడు. ఇంత చక్కటి నిర్వచనం మీ వెబ్‌సైటులో కూడా ఉండదు.

తర్వాత కూర్చొని చదివాను. కార్ల కంపెనీ ఆ మోడల్‌కి ఇప్పుడు పెట్టిన ధరలోంచి వయసును బట్టి తగ్గించుకుంటూ పోతారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50. అయిదేళ్లు దాటాక మీరూ మీరూ మాట్లాడుకోండి అని వదిలేశారు. ఇండియా మోటార్ టారిఫ్ నాటి ఈ పట్టికలో కిలోమీటర్ల ఊసు లేదు. 41 వేలు తిరిగిన నా బండికీ, ట్రావెల్స్ వాడు లక్షన్నర తిప్పిన బండికీ ఒకే లెక్క. బీమాకు ఏదో ఒక సులువైన కొలత కావాలి కాబట్టి దాన్ని తప్పు పట్టను. కాకపోతే ఆ కాగితాన్ని "విలువ" అని పిలవడం మానేస్తే మాలాంటివాళ్లు షోరూమ్‌లో నవ్వులపాలు కాకుండా ఉంటారు.

షోరూమ్ వాళ్లు లక్షా 90 వేలన్నారు, ఎక్స్ఛేంజ్ బోనస్ 20 వేలు అదనం. పాత బండ్లు కొనే యాప్ ఒకటి నంబరు కొట్టగానే 2 లక్షల 60 వేల నుంచి 2 లక్షల 90 వేల దాకా అని ఆశపెట్టింది. తేడాలకు కొన్ని కారణాలు నాకూ తెలుసు. డీలరు తాను కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, అద్దె కట్టాలి, టింకరింగ్ చేయించాలి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. కొత్త బండి చవకైతే పాతదాని ధర దానంతటదే కుంగుతుంది. తెల్ల రంగుకు కాస్త ఎక్కువ, నంబరు కూడితే తొమ్మిది వస్తే ఇంకాస్త ఎక్కువ, ఎనిమిది వస్తే బేరమే కుదరదు. నా నంబరు కూడితే ఎనిమిదే. ఎకనామిక్స్‌లో ఈ చాప్టర్ లేదు.

యాప్ తరఫున ఒక పిల్లవాడు ఇంటికొచ్చాడు. రంగు మందం కొలిచే చిన్న మీటరు బానెట్ మీద, డోర్ల మీద, పిల్లర్ల మీద ఆనించుకుంటూ చుట్టూ తిరిగాడు. కంపెనీ రంగు మామూలుగా వంద మైక్రాన్ల అటూ ఇటూ చూపిస్తుంది, పుట్టీ పెట్టి రంగేసిన చోట అంకె ఎగిరిపడుతుంది. నాది అంతా సరిగ్గానే ఉంది. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. కార్పెట్ ఎత్తి వాసన చూశాడు. సీటు బెల్టు ఆ చివరి దాకా లాగాడు. ఇదంతా దేనికి బాబూ అంటే, "టీఎస్ 03 కదా సార్" అన్నాడు.

అప్పుడర్థమైంది. టీఎస్ 03 అంటే వరంగల్ నంబరు. 2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. 2023 జూలైలోనూ అంతే. మా ఇల్లు మిట్ట మీద ఉంది, నా బండి టైరు కూడా తడవలేదు. ఆ మాటే చెప్పాను. "మీరు నిజమే చెప్తుండొచ్చు సార్, కానీ..." అని సాగదీసి, ఫోన్‌లో ఏదో నొక్కి, 2 లక్షల 12 వేలన్నాడు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా 2 లక్షల 35 వేలకు అమ్ముకున్నాను. ఏడేళ్లలో ఒక్క క్లెయిమ్ చేయని మనిషిని. నా నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరి చాలా కాలమైంది. ఆ సంగతి మీ దగ్గర రికార్డులో ఉంది. బజారులో అది నాకు పైసా కూడా తేలేదు.

ఇక కొనబోయిన బండి.

మా అమ్మాయికి జనగామ బదిలీ అయింది. రోజూ వెళ్లిరావాలి. ఊళ్లోనే ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో 2021 మోడల్ హ్యాచ్‌బ్యాక్ చూశాం. ధర 5 లక్షల 20 వేలు. "సింగిల్ ఓనర్ సార్, షోరూమ్ ట్రాక్, డాక్టర్ గారు వాడిన బండి." నాలుగు షాపులు తిరిగితే నాలుగింటిలోనూ డాక్టర్ గారి బండ్లే. మన డాక్టర్లు ఇన్ని కార్లు అమ్ముకుంటూ వైద్యం ఎప్పుడు చేస్తున్నారో మరి. లోపల కొత్త సీటు కవర్లు, డాష్‌బోర్డుకు మెరుపు, మల్లెపూల సెంటు. మా అమ్మాయికి నచ్చేసింది.

మా మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుగా నా బండ్లు చూసేది ఆయనే. నంబరు ప్లేటు చూసి ఆగాడు. టీఎస్ 04. "ఖమ్మం బండా? అయితే ముందుగాల బెల్టు గుంజుదాం సార్."

డ్రైవరు వైపు బెల్టు లాగాడు. పైకి కనిపించే బారెడు నల్లగా నిగనిగలాడుతోంది. ఇంకా లాగాడు. పిల్లర్ అడుగున రీలులో చుట్టుకొని ఉండే ఆఖరి భాగం బయటికొచ్చింది. గట్టిపడి, మడతలు తేలి, దాని మీద టీ డికాక్షన్ ఎండినట్టు గోధుమ రంగు మరక. ఆయన బొటనవేలితో రుద్ది నా చేతిలో పెట్టాడు. మైదాపిండి కన్నా మెత్తటి ఒండ్రు. అటు పక్క సీటు బెల్టూ లాగాడు. అదే చోట, అదే మరక. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు. బయటి నుంచి చూస్తే కనిపించదు, ఫోన్ లైటు వేసి వంగి చూడాలి.

షాపతను తడుముకోలేదు. "కాఫీ ఒలికింది సార్" అన్నాడు. ముందు కూర్చున్న ఇద్దరూ, ఒకే రోజు, రీలు లోపల ఒకే చోట కాఫీ ఒలకబోసుకున్నారన్నమాట.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీల మీద పడింది. అదే వారం విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. బీమా కంపెనీ బండి ఓనరుకు డబ్బిచ్చేస్తుంది, బండి శాల్వేజ్ కింద వేలానికి పోతుంది. కొన్నవాడు ఎక్కడో షెడ్డులో విప్పి, ఆరబెట్టి, సెన్సార్లూ వైరింగూ మార్చి నిలబెడతాడు. అందులో నేరమేమీ లేదు, బాగు చేయగలిగిన బండిని తుక్కు చేయాలని నేననను. మునిగిన బండి అని చెప్పి మూడు లక్షలకు అమ్మితే అది వ్యాపారం. డాక్టర్ గారి బండి అని అయిదు లక్షల ఇరవై వేలకు అమ్మితేనే పేచీ.

సరే, కొనేవాడు జాగ్రత్తపడాలి అంటారు. ఎక్కడ చూసుకోవాలి? రవాణా శాఖ రికార్డులో బండి నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా లాంటివే తెలుస్తాయి. పాత పాలసీ అడిగి బోనస్ చూడమంటారు మా మెకానిక్ లాంటివాళ్లు. 45, 50 శాతం ఉండాల్సింది సున్నా అయిందంటే క్లెయిమ్ జరిగినట్టు. కానీ బోనస్ మనిషిది, బండిది కాదు. నేను బండి అమ్మినప్పుడు నా 50 శాతం నా వెంటే వచ్చేసింది. చేతులు మారిన బండికి మామూలుగా బోనస్ సున్నా నుంచే మొదలు. బుద్ధిమంతుడి బండికీ సున్నానే, మునిగిన బండికీ సున్నానే. పైగా బోనస్ ప్రొటెక్ట్ అని ఒక యాడ్-ఆన్ ఉంటే క్లెయిమ్ చేసినా అంకె కదలదు.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. పత్రికలు వరసగా తిప్పి పంపాయి. అదే వ్యాసం 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది. క్లాసులో దాన్ని ఎన్నిసార్లు చెప్పానో. మంచి బండేదో చెడ్డ బండేదో కొనేవాడు కనిపెట్టలేనప్పుడు రెంటికీ నడిమి ధరే పలుకుతుంది. మంచి బండి ఉన్నవాడు ఆ ధరకు మనసొప్పక ఇంట్లోనే ఉంచుకుంటాడు, బజారుకు మిగతావే వస్తాయి. ఇన్నాళ్లూ అది పాఠం. ఇప్పుడు నా 2 లక్షల 35 వేలే దానికి ఉదాహరణ. ఖమ్మంలో రెండో అంతస్తు పార్కింగులో పొడిగా నిలబడిన బండి ఓనరుకూ ఇదే గతి. ఊరి పేరు చెప్పగానే బెల్టు లాగుతారు. చేసిందొకడు, అనుమానం జిల్లా మొత్తం మీద.

మీ సంస్థే 2009లో పెట్టిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో మన హైదరాబాదులోనే ఉంది. బీమా కంపెనీలన్నీ పాలసీల, క్లెయిముల వివరాలు దానికి పంపుతాయి. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు బండి నంబరుతో పాలసీ ఏ కంపెనీదో వెతుక్కునే ఏర్పాటు అక్కడ ఇప్పటికే ఉంది. అంటే నంబరు కొడితే జవాబిచ్చే కిటికీ తెరిచే ఉంది. నేనడిగేది ఆ కిటికీలో ఇంకొక్క వరస. ఫలానా సంవత్సరంలో సొంత డ్యామేజీ క్లెయిమ్, చిన్నది, పెద్దది, లేదా టోటల్ లాస్. నీటి వల్లనా, గుద్దుకోవడం వల్లనా. అంతే. ఓనరు పేరు వద్దు, డబ్బెంతో వద్దు. వ్యక్తిగత సమాచారం బయటపడుతుందని భయమైతే, అమ్మేవాడి ఫోనుకు ఓటీపీ పంపండి. ఓటీపీ చెప్పనన్నాడంటే కొనేవాడికి కావలసిన జవాబు అప్పుడే దొరికినట్టు.

చేతనైతే రెండోది కూడా. రెన్యువల్ ముందు తనిఖీ చేసినప్పుడూ, క్యాష్‌లెస్ గ్యారేజీ బిల్లు వేసినప్పుడూ మీటరు రీడింగ్ రాస్తూనే ఉంటారు. దాన్నీ ఆ వరసలో కలపండి. బెల్జియంలో 2006 నుంచి కార్‌పాస్ అనే కాగితం లేకుండా పాత కారు అమ్మడానికి లేదు. రిపేరుకు వెళ్లినప్పుడల్లా రాసిన కిలోమీటర్లన్నీ అందులో వరసగా ఉంటాయి. మన దగ్గర మీటరు వెనక్కి తిప్పడానికి పట్టేది ఒక ల్యాప్‌టాప్, ఓ అరగంట.

దీంతో అన్నీ తేలిపోతాయని నేననుకోవడం లేదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న బండి మునిగితే క్లెయిమే ఉండదు, రికార్డూ ఉండదు. బోనస్ పోతుందని సొంత డబ్బుతో బాగు చేయించుకునేవాళ్లూ ఉన్నారు. కానీ టోటల్ లాస్ కింద మీ కంపెనీలు డబ్బు కట్టి, సంతకం తీసుకుని, వేలం వేసిన బండి సంగతి కూడా కొనేవాడికి తెలియకపోవడానికి కారణం ఏమిటో నాకు కనిపించడం లేదు.

మేం ఆ బండి కొనలేదు. మూడు వారాల తర్వాత అటుగా వెళ్తుంటే ఇంకా అక్కడే కనిపించింది. కుతూహలం కొద్దీ ఆగి, డోరు తీసి బెల్టు లాగాను. చివరి దాకా నున్నగా వచ్చింది. కొత్త బెల్టు. కింద కుట్టిన చీటీ మీద తయారీ 2025 అని ఉంది, బండి 2021ది. అద్దం మీద సున్నంతో రాసిన ధర 5 లక్షల 35 వేలయింది.

వెనక సీట్లో ఒక చిన్నపిల్లాడు కిటికీ అద్దం ఎక్కిస్తూ దించుతూ ఆడుకుంటున్నాడు. వాళ్ల నాన్న షాపతనితో టోకెన్ అడ్వాన్స్ ఎంతివ్వాలో మాట్లాడుతున్నాడు. ఆయన్ని పక్కకు పిలిచి నేను చూసింది చూసినట్టు చెప్పాను. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మరక పోయింది, మీ రికార్డు నాకు అందదు. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి అడిగాడు: "మీరు ఏ షాపు తరఫున అంకుల్?"

ఇట్లు,
ఒక పాలసీదారు,
హనుమకొండ