కౌన్సెలర్ ఏం చదివారో అడగండి



అడ్మిషన్‌కు వచ్చినప్పుడు మ్యాథ్స్ సార్ ఏం చదివారని అడుగుతారు. బస్సు డ్రైవర్‌కు లైసెన్స్ ఉందా అని అడుగుతారు. కౌన్సెలర్ అర్హత ఏమిటని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ముందుగా ఎప్‌సెట్ సీట్లే గుర్తొస్తాయి. అందుకే తలుపు మీద ఆ బోర్డు ఎవరు పెట్టుకున్నా చెల్లిపోతోంది.

ఇక చెల్లకూడదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలి.

మరి అర్హులెవరు? క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మిగతా సైకాలజిస్టులు, వైద్య, మానసిక ఆరోగ్య రంగాల్లోని సోషల్ వర్కర్ల వంటి వారిని అనుబంధ ఆరోగ్య వృత్తులపై పార్లమెంటు 2021లో చేసిన చట్టం తన పరిధిలోకి తెచ్చింది. వారి పేర్లతో రాష్ట్ర కౌన్సిళ్లు రిజిస్టర్లు నిర్వహించాలి. నాలుగు రోజుల సర్టిఫికెట్ కోర్సుతో నెట్టుకొచ్చే కాలం పోతోంది.

"జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి అంత చదివినవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?" అని మీరు అడగవచ్చు. ఇబ్బంది నిజమే. అందుకని నిబంధన సడలించమనడం సరికాదు. బ్రాంచీకొకరు దొరక్కపోతే, దొరికేదాకా అర్హత ఉన్న ఒకరు వారంలో నిర్ణీత రోజుల్లో మూడు చోట్లకూ వెళ్లవచ్చు. ఈ మూడు పట్టణాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో మొదలయ్యాయి. అవసరమైన పిల్లలను అక్కడి ఆసుపత్రులకు పంపే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

పిల్లల మాట ఓపిగ్గా వినే టీచరమ్మ మనకు ఎప్పటికీ కావాలి. కానీ ఆమెకే కౌన్సెలర్ అని పేరు పెట్టి, శిక్షణ లేని పనిని నెత్తిన వేయడం ఆమెకూ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మూడు ప్రశ్నలు అడగండి. కౌన్సెలర్ ఏం చదివారు? ఎక్కడ రిజిస్టర్ అయ్యారు? తన వల్ల కాని కేసును ఎవరి దగ్గరికి పంపుతారు? మా స్కూల్‌నూ అడగండి. జవాబు తడబడితే మళ్లీ అడగండి.

ఈలోగా ఇంట్లో బిడ్డ ముభావంగా ఉంటే మీటింగ్ దాకా ఆగకండి. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.