గడ్డిమందూ చేపగుడ్డూ ఒకే వానకు

తొలకరి పడితే మా గుంతకల్లు చుట్టుపక్కల రెండు పనులు ఒక్కసారే మొదలవుతాయి. చేలో కలుపు లేస్తుంది, రైతు గడ్డిమందు డబ్బా తీస్తాడు. కుంటలోకి కొత్తనీరు దిగుతుంది, చేపలు గుడ్లు పెడతాయి. చేనుకీ కుంటకీ మధ్య ఒక్క గట్టే అడ్డం.

ఒక కుంట దగ్గర కళ్లారా చూశాను. స్ప్రేయరు ట్యాంకును రైతు ఆ నీళ్లతోనే నింపాడు. పనయ్యాక అక్కడే కడిగాడు. తెల్లటి నురగ తుంగమొక్కల మొదళ్ల దాకా పాకింది. "చేపలు చావవా అన్నా?" అన్నాను. "ఇది గడ్డికి కొట్టే మందు సామీ, చేపకేమైతాది?" అన్నాడు.

ఆయన మాటలో సగం నిజముంది. గడ్డిమందుల్లో ఒకటైన గ్లైఫోసేట్ మొక్కలో ఒక ఎంజైమును అడ్డుకుని దాన్ని చంపుతుంది. ఆ ఎంజైము చేపకూ మనిషికీ లేదు. కానీ ఎన్నో బ్యాక్టీరియాలకు ఉంది. అసలు చిక్కు అక్కడే.

మన దేశపు వాగుల్లో పుట్టిన జీబ్రా చేప గుడ్డు అద్దంలా ఉంటుంది. రెండో రోజుకే లోపల గుండె కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. పొర చీల్చుకుని వచ్చిన పిల్ల తనకు కావలసిన సూక్ష్మజీవులను చుట్టూ ఉన్న నీటినుంచే తెచ్చుకుంటుంది. అవి లేకుండా ప్రయోగశాలలో పెంచితే దాని పేగు సరిగా ఎదగలేదు. చేపలో కాకపోయినా మరో జీవిలో రుజువుంది: గ్లైఫోసేట్ తేనెటీగల పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియాను తగ్గిస్తుందని టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. ఇక ఆ నురగ సంగతి. మందు ఆకుకు పట్టుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థాల్లో కొన్ని, చేపకు అసలు మందుకన్నా ఎక్కువ చేటు. వేరుశనగ, శనగ విత్తగానే కొట్టే పెండిమిథాలిన్ చేపలకు మరీ విషం.

పెద్ద నదిలో పడితే మందు పలచబడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమలో, మోకాలిలోతు కుంటలో ఎక్కడ పలచబడుతుంది?

రైతును తప్పుపట్టను. కలుపు తీసే చేతులు బెంగళూరు బస్సెక్కాయి. ఉన్నవారి కూలి పంటకు గిట్టదు. గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి ఆపరేటరు చేలోకి రావడం నేనింతవరకు చూడలేదు. ఉత్తర్వు ఇచ్చినవారే గుంటకకూ కలుపుతీసే యంత్రానికీ ఊరూరా సాయం అందించాలి. తొలకరి తర్వాత కుంటల నీళ్లు పరీక్ష చేయించాలి.

రైతన్నా, అంతవరకు నీ చేతిలో ఉన్నవి మూడు. వాన మబ్బు కనిపిస్తే మందు కొట్టొద్దు. కుంట వైపు పది అడుగుల గడ్డిని అలాగే వదిలేయి. ట్యాంకును కుంటలో కడగొద్దు, ఆ నీళ్లను మందు కొట్టిన చేలోనే పారబోయి. ఆ కుంటలో గొర్రెలూ నీళ్లు తాగుతాయి, మన పిల్లలూ ఈదుతారు.