గురి కుదరాలంటే తలుపు వేసుకోవాలి

పోయిన డిసెంబరులో రచయిత్రుల సమావేశానికొకదానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర, తీరిక దొరికితే ఎవరేం చేస్తున్నారన్న మాట వచ్చింది. ఒకామె మిద్దెతోట పెంచుతున్నానంది. ఒకామె చిన్నప్పుడు ఆపేసిన సంగీతం మళ్ళీ మొదలుపెట్టానంది. అందరం సంతోషించాం. నా వంతు వచ్చింది. "కంప్యూటర్లో తుపాకి ఆట ఆడుతున్నాను. గురి బాగుపడటానికి రోజూ సాధన చేస్తున్నాను" అన్నాను. ముందు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్త్రీల పుస్తకాలకి బోలెడు ముందుమాటలు రాసిన ఒక పెద్దాయన "ఈ వయసులో నీకెందుకమ్మా తుపాకులు?" అన్నాడు. నా ప్రాణ స్నేహితురాలు ఇంకో అడుగు ముందుకేసి "ఆ టైములో ఒక కథ రాసుకోవచ్చు కదే" అంది.

ఆ రెండు మాటలకీ అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

నాకు యాభై రెండేళ్ళు. హనుమకొండలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయి వాలొరాంట్ అనే ఆట ఆడుతుంటే వెనక నిలబడి చూసేదాన్ని. ఆ ఆట ఆ ఏడాది జూన్‌లోనే వచ్చింది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక జట్టు బాంబు లాంటిది పెట్టాలి, రెండో జట్టు అడ్డుకోవాలి. ముందు 13 రౌండ్లు గెలిచినవాళ్ళది ఆట. అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్ళిపోయాక ఆ కంప్యూటర్‌కి గుడ్డ కప్పేశాం. ఒక రాత్రి నిద్రపట్టక ఆ గుడ్డ తీశాను.

మొదటి నెలంతా చచ్చిపోవడమే. ఎదుటివాడు కనిపించేలోపే నేను నేలమీద ఉండేదాన్ని. వయసైపోయింది, చేతులు కదలవు అనుకున్నాను. ఫోన్లో అమ్మాయి నవ్వి "అమ్మా, నువ్వు నేలకేసి చూస్తూ నడుస్తున్నావు. మనుషుల తలలు నేలమీద ఉంటాయా?" అంది. నిజమే! మనకి చిన్నప్పటినుంచీ నేర్పిన నడకే ఆటలోనూ నడుస్తున్నాను. తల వంచుకుని.

అప్పట్నుంచి పాఠం మొదలైంది. గురి అంటే చేతి వేగం కాదని తెలిసింది. మూల తిరిగేముందే, అక్కడ మనిషి ఉంటే అతని తల ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ గురి గుర్తు పెట్టుకుని తిరగాలి. సగం పని ముందే అయిపోతుంది. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి ఎవరికైనా సెకనులో నాలుగోవంతు, అటూఇటూగా పడుతుంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు నాకంటే ఒక వెంట్రుకవాసి ముందుంటాడు. కానీ గురి ముందే సరైన చోట ఉంటే ఆ వెంట్రుకవాసిని దాటొచ్చు. పరుగెడుతూ కాలిస్తే గుళ్ళు ఎటో పోతాయి, ఆగి కాల్చాలి. మౌస్ వేగం బాగా తగ్గించుకుని, మణికట్టుతో కాక మోచేతినుంచి చెయ్యి కదపాలి. పరిగెత్తితే అడుగుల చప్పుడు అవతలివాళ్ళకి వినిపిస్తుంది, దగ్గరికెళ్ళేటప్పుడు మెల్లగా నడవాలి. జట్టు దగ్గర డబ్బు లేని రౌండ్లో ఆశపడి కొనకుండా దాచుకోవాలి (నెలాఖరు సంసారం నడిపినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు!). అన్నిటికంటే ముఖ్యం, చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చానో ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. "వాడు మోసం చేశాడు" అన్నది జవాబు కాదు. నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఏడాదిన్నరకి ఐరన్ అనే అట్టడుగు మెట్టునుంచి సిల్వర్ దాకా వచ్చాను. గొప్పేం కాదు. కానీ నా చేతులతో వచ్చాను.

ఈ పాఠాలన్నీ ఎవరైనా చెప్తారు, ఉచితంగా దొరుకుతాయి. ఎవరూ చెప్పని పాఠం ఒకటుంది. ఈ ఆటకి హెడ్‌ఫోన్లు కావాలి. శత్రువు అడుగుల చప్పుడు ఎడమనుంచా కుడినుంచా అన్నది చెవితోనే తెలియాలి. ఒక ఆట ముప్ఫై అయిదు, నలభై నిమిషాలు సాగుతుంది. మధ్యలో లేచిపోతే నలుగురు తోటివాళ్ళు నష్టపోతారు, మనకి శిక్ష పడుతుంది. అంటే ఏమిటి? నలభై నిమిషాలపాటు ఇంటి చప్పుళ్ళేవీ నా చెవిన పడకూడదు. కుక్కర్ కూత, కాలింగ్ బెల్, పాలవాడు, పక్కగదిలో అత్తమ్మ దగ్గు... ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నా చెవులు ఒక్కనాడైనా నావి అయ్యాయా? నిద్రలో కూడా ఒక చెవి ఇంటికి కాపలా కాస్తుంది. మొదటిసారి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు నాకు శత్రువంటే భయం వెయ్యలేదు. ఇంట్లో ఎవరైనా పిలుస్తున్నారేమోనని భయం వేసింది. రెండు నిమిషాలకోసారి ఒక చెవి తీసి వినేదాన్ని. ఆ రెండు క్షణాల్లోనే చచ్చిపోయేదాన్ని.

మా అబ్బాయి చిన్నప్పుడు ఇదే కుర్చీలో గంటలకొద్దీ ఆడేవాడు. వాడి చెవులు ఎప్పుడూ వాడివే. అన్నం కంచం పక్కకే వచ్చేది. తెచ్చిపెట్టింది నేనే, ఎవర్ని అనాలి? తర్వాత వాడు బాగా ఆడుతుంటే "మగపిల్లలకి సహజంగా వస్తుంది" అన్నాం. ఆ సహజం కింద ఎన్ని కంచాలున్నాయో లెక్కపెట్టామా?

లెక్క కావాలంటే సర్కారు దగ్గరే ఉంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. తేడా 201 నిమిషాలు. నా ఆట లెక్కలో రోజుకి ఐదు ఆటలు. ఆ ఐదు ఆటలు ఏడాదిపాటు ఆడినవాడికీ, ఆడనిదానికీ మధ్య ఉన్న దూరానికే మనం ప్రతిభ అని పేరు పెట్టాం.

టొరంటో విశ్వవిద్యాలయంలో ఫెంగ్, స్పెన్స్, ప్రాట్ అనే పరిశోధకులు 2007లో ఒక చిన్న అధ్యయనం అచ్చువేశారు. ఆటలు అలవాటు లేని కొంతమందిచేత పది గంటలు తుపాకి ఆట ఆడించారు. ఒక బొమ్మని మనసులో తిప్పి చూడగలిగే శక్తిలో ఆడవాళ్ళు వెనకబడి ఉంటారని ఎప్పట్నుంచో అంటారు కదా, ఆ పది గంటల తర్వాత ఆ తేడా బాగా తగ్గిపోయింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ లాభపడ్డారు. చిన్న అధ్యయనమే, దాన్ని మోసుకు తిరగను. కానీ పుట్టుకతో వచ్చిందన్న తేడా పది గంటలకే కరిగేదైతే, అది మెదడులో ఉందా, మన గడియారాల్లో ఉందా?

ఇంక గొంతు సంగతి. ఇది జట్టు ఆట, మాట్లాడాలి. "ఎడమవైపు ఇద్దరు, ఒకడికి దెబ్బ తగిలింది" అని చెప్పకపోతే ఎంత గురి ఉన్నా సగం ఆటే. నేను మొదటిసారి మైకు తెరిచి చెప్పినప్పుడు ఒక కుర్రాడు తేట తెలుగులో "ఆంటీ, పోయి వంట చేసుకో" అన్నాడు. తర్వాత అన్నవి ఇక్కడ రాయను. ఆ ఆటలో అట్టడుగున ఉన్నది అతనే. ఇది కాకతాళీయం కాదేమో. 2015లో కసుమోవిచ్, కుజ్నెకాఫ్ అనే ఇద్దరు హేలో 3 అనే ఆటమీద చేసిన పరిశీలన అచ్చయింది. ఆడగొంతు వినపడగానే దురుసుగా ప్రవర్తించింది ఆటలో వెనకబడ్డ మగవాళ్ళట. బాగా ఆడేవాళ్ళు అంత దురుసుగా లేరు. మెట్టు జారిపోతుందన్న భయం ఉన్నవాడే కింద ఉన్నదాన్ని తన్నుతాడు. కులంలోనూ, కాలేజీ స్టాఫ్‌రూములోనూ చూసిందే కదా!

మా అమ్మాయిని అడిగాను, నువ్వేం చేసేదానివని. "మైకు తెరిచేదాన్నే కాదమ్మా. అబ్బాయి పేరు పెట్టుకున్నాను" అంది. ఐదేళ్ళు నా ఇంట్లో, నా వెనకగదిలో, నా కూతురు మూగగా, మగపేరుతో ఆడింది. వెనక నిలబడి చూసిన నాకు తెలియలేదు. స్త్రీల గొంతు గురించి ఎన్ని వ్యాసాలు రాశాను! ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

మూగగా ఉండి గెలిచినా ఊరుకోరు. దక్షిణ కొరియాలో గెగురి అనే పేరుతో ఆడే టీనేజి అమ్మాయి 2016లో ఓవర్‌వాచ్ అనే ఆటలో అద్భుతంగా గురి చూపిస్తే, మోసపు సాఫ్ట్‌వేర్ వాడుతోందని తోటి ఆటగాళ్ళు నింద వేశారు. ఆ పిల్ల స్టూడియోలో కెమెరా ముందు కూర్చుని, తన చేతులు అందరికీ కనబడేలా ఆడి నిరూపించుకోవాల్సి వచ్చింది. నింద వేసినవాళ్ళు తప్పుకున్నారు. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి, ఓవర్‌వాచ్ లీగ్‌లో మొదటి స్త్రీ అయింది. సీతమ్మ కాలంనుంచీ అగ్నిపరీక్షలకి కొత్త సరంజామా దొరుకుతూనే ఉంది. ఆడకపోతే చేతకాదంటారు, ఆడితే దొంగ అంటారు.

వాలొరాంట్‌లో 2021నుంచి స్త్రీలకీ, ఇతర అణగారిన జెండర్లవాళ్ళకీ గేమ్ చేంజర్స్ అని విడిగా పోటీలు పెడుతున్నారు. 2022లో బెర్లిన్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. "సమానత్వమంటారు, మళ్ళీ వేరే పోటీలెందుకు?" అని దెప్పేవాళ్ళున్నారు. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళ సీట్ల గురించి ఈ మాట వినివిని చెవులు చిల్లులు పడ్డాయి. ఒళ్ళు నలగకుండా ప్రయాణం చెయ్యగలిగిన రోజున ఆ సీట్లు మీరే తీసుకోండి.

ఇప్పుడు పెద్దాయనకి జవాబు. తుపాకులంటే నాకు ఇష్టం లేదు. నిజం తుపాకి ఏం చేస్తుందో వరంగల్ జిల్లాలో పుట్టి పెరిగినదానికి మీరు చెప్పాలా? తెరమీద చచ్చినవాడు వచ్చే రౌండులో లేచి వస్తాడు. మేం చూసినవాళ్ళు రాలేదు. ఆ తేడా నాకు తెలుసు. కోనేరు హంపి 2002లో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు ఆడపిల్లకి ఏనుగులూ సైన్యాలూ ఎందుకని మీరెవరైనా అడిగారా? కంపెనీలు రంగురంగుల తుపాకి తొడుగులమ్మి సొమ్ము చేసుకుంటున్నాయన్నదీ నిజమే. నేను కొనను. దానికి కంపెనీని నిలదీయండి, నన్ను కాదు. పందేలు కాసే ఆటలని దీనితో కలిపి తిట్టకండి కూడా. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమే డబ్బు పెట్టి ఆడేవాటినీ, ఈ-స్పోర్ట్స్‌నీ వేరుచేసి చూసింది.

నా స్నేహితురాలికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఆమె నా మేలు కోరే అంది. రాయడానికి ఒక గది, కొంత డబ్బు కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పిన మాట మనం ఎన్నిసార్లు తలుచుకున్నాం! ఆ గదిలో కథే రాయాలని షరతు పెట్టింది ఎవరే? ఇంటిపని కాకపోతే ఉద్యమం పని, అదీ కాకపోతే సాహిత్యం. ఎప్పుడూ ఎవరికో పనికొస్తేనే ఆడదాని గంటకి విలువా? మగవాడు నలభయ్యేళ్ళు పేకాడినా "కాలక్షేపం" అనే ముద్దుపేరుంది. ఎవరికీ పనికిరాని ఒక విద్యలో, కేవలం నా కోసం, నిన్నటికంటే ఈ రోజు కాస్త మెరుగవ్వాలని నాకుంది. ఇది చిన్న కోరికే. కానీ దీన్ని అడగడానికే నాకు యాభయ్యేళ్ళు పట్టింది.

ఇప్పుడు రాత్రి తొమ్మిదినుంచి పదిన్నరదాకా నా తలుపు వేసి ఉంటుంది. కుక్కర్ సంగతి నా సహచరుడు చూసుకుంటాడు. రెండుసార్లు మాడబెట్టాడు, మూడోసారి నేర్చుకున్నాడు. అది కూడా సాధనే కదా! మా అమ్మాయి పుణెనుంచి నా జట్టులో చేరుతుంది. పోయిన నెలలో ఒకరోజు ఎవడో ఏదో అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవతలనుంచి దాని గొంతు వినిపించింది. "మైకు ఆపనమ్మా. నువ్వు ఎడమవైపు చూడు, నేను కుడివైపు చూస్తాను" అంది.

ఆ ఆట ఓడిపోయాం. మళ్ళీ మొదలుపెట్టాం.