పాముకు పాలా, ఎలుకా?

మా పెద్దక్కయ్య మహా నిష్ఠగల మనిషి. ఉల్లిపాయ ముట్టదు. కార్తీకమాసం వచ్చిందంటే ఆమె వంటింట్లోకి పిల్లి కూడా మడికట్టుకునే రావాలి. అటువంటి మనిషి కిందటేడు దసరా వెళ్ళగానే, కొడుకు దగ్గర ఆరునెలలు వుండి వస్తానని అమెరికాలోని డాలస్ నగరానికి వెళ్ళింది. వెళ్ళిన నాలుగోనాడు నాకు ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఇంట్లో పాము వుందిరా!"

"కొట్టేవాళ్ళెవరూ లేరా?" అన్నాను గాభరాపడి.

"కొట్టడమా? పెంచుతున్నారు! అదీ చాలక, ఫ్రిజ్‌లో పైఅరలో, నేను తెచ్చిన కరివేపాకు పొట్లం పక్కన, చచ్చిన ఎలుకలురా!"

సంగతేమిటంటే, మా మేనల్లుడి కొడుక్కి పన్నెండేళ్ళు. అక్కడి పిల్లలు కుక్కనో పిల్లినో పెంచుకున్నట్టే వీడు ఒక పామును పెంచుకుంటున్నాడు. దాని పేరు కార్న్ స్నేక్. విషం లేనిది. నాలుగడుగుల పొడవు, నారింజరంగు మచ్చలు. మొక్కజొన్న గాదెల చుట్టూ ఎలుకలకోసం తిరిగేది గనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పొట్టమీది గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా వుంటాయి గనుక అని మరికొందరు. ఏదైతేనేం, దాని ఆహారం చిట్టెలుకలు.

అక్కయ్య ఊరుకుంటుందా? "పాము దేవుడే, కాదనను. దేవుడికి నైవేద్యం పాలు గదా! ఎలుకలేమిటి?" అన్నది. ఇంతలో నాగులచవితి వచ్చింది. డాలస్‌లో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ చలిమిడీ చిమ్మిలీ చేసి, మనవడు బడికి వెళ్ళిన సమయం చూసి, అద్దాలపెట్టెలోని నీళ్ళగిన్నె తీసేసి పాలగిన్నె పెట్టింది. పాము దాని దరిదాపులకు రాలేదు. సాయంత్రం కుర్రవాడు వచ్చేసరికి పాలు విరిగి వున్నాయి. "నానమ్మా, అది పాలు తాగదు" అని వాడు గిన్నె కడిగి మళ్ళీ నీళ్ళుపోశాడట.

"నిజమేనట్రా?" అని అక్కయ్య నన్నడిగింది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. పాముల సంగతి నాకేం తెలుసు? తెలిసినదల్లా వాటి పేర్లే. పవనాశనము అంటే పాము, గాలిని భోంచేసేది అని. భేకభుక్కు అన్నా పామే, కప్పను తినేది అని. పాలు తాగేది అనే అర్థంవచ్చే పేరు మాత్రం నేను తిరగేసిన కోశాల్లో తారసపడలేదు. అయినా అక్కయ్య అడిగింది గదా అని, మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకొని నాలుగు సాయంత్రాలు వేధించాను. ఆయన చెప్పినవీ, ఆయనిచ్చిన పుస్తకాల్లో చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

లోకంలో దగ్గర దగ్గర 4,000 రకాల పాములున్నాయి. వాటిలో ఒక్కటి కూడా శాకాహారి కాదు. ఒక్కటి కూడా తల్లిపాలు తాగి పెరిగినది కాదు. పాలిచ్చే జాతి వేరు, పాముజాతి వేరు. పాలను అరిగించుకొనే ఏర్పాటు పాము పొట్టలో లేదు. పాములవాడి బుట్టలో పాము పాలు తాగినట్టు కనబడుతుందంటే, పండుగకు ముందు రోజులకొద్దీ దానికి చుక్క నీరు ఇవ్వకుండా ఎండగట్టడమే కారణం. దాహానికి తాళలేక ఏ తడి దొరికినా తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి, జబ్బుచేసి చచ్చేవి వుంటాయి. మనం చేసే పూజ దాని ప్రాణంమీదికి వస్తుందన్నమాట.

ఇక పవనాశనము అనే పేరు పుట్టడానికి ఆధారం లేకపోలేదు. మన ఒంట్లో వేడిని నిలుపుకోవటానికే మనం పూటపూటా తినాలి. పాముకు ఆ ఖర్చు లేదు. ఎండలోనో వెచ్చటి రాతిమీదనో పడుకొని వేడి తెచ్చుకుంటుంది. అందుచేత వారాలతరబడి, ఒక్కొక్కప్పుడు నెలలతరబడి ఉపవాసం వుండగలదు. ఆఫ్రికానుంచి వచ్చి అమెరికా ఇళ్ళలో స్థిరపడిన బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ఇందుకు పేరుమోసింది. ఆరోగ్యంగా వుండికూడా నెలలపాటు తిండి మానేసి యజమానిని ఏడిపిస్తుంది. చూసినవాళ్ళకు గాలి తిని బతుకుతున్నదనే అనిపిస్తుంది.

పాములన్నీ ఎలుకలే తింటాయనుకోవడమూ పొరపాటే. మన పొలాల్లో జెర్రిపోతుకు ఎలుకా కప్పా రెండూ ఇష్టం. చెరువుల్లోని నీరుకట్టెకు చేపలు, కప్పలు. కట్లపాముకు తోటి పాములంటే ప్రీతి. తూర్పుకనుమల్లో తిరిగే నల్లత్రాచు, ఇంగ్లీషువాళ్ళు కింగ్ కోబ్రా అనేది, ప్రధానంగా పాములనే తింటుంది. పక్షిగుడ్లు తప్ప మరేదీ ముట్టని పాము ఆఫ్రికాలో వున్నది. అది గుడ్డును గొంతులో వెన్నెముక పళ్ళతో కోసి, లోపలిది మింగి, పెంకును మడతపెట్టి ఉమ్మేస్తుంది. కనుక పామును తెచ్చుకునేవాడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, ఇది అడవిలో ఏం తినేది అని. అమెరికాలో గార్టర్ స్నేక్ అనే చిన్నపాము వానపాములనూ చేపలనూ తింటుంది. చవకగా దొరికే బంగారుచేపల్ని రోజూ దానికి పడేస్తే, ఆ చేపల్లో వుండే ఒక పదార్థం బి-1 విటమినును చెడగొట్టి, పాముకు వణుకూ మూర్ఛా తెప్పిస్తుంది. చేపను తినే పామే, పెట్టింది చేపే, అయినా ప్రాణంమీదికి వచ్చింది. జాతి తెలిస్తే చాలదు, రకమూ తెలియాలి.

మాంసం ముక్కలు కోసి పెట్టినా కుదరదట. పాము నమలదు, మింగుతుంది. చిట్టెలుకను మొత్తంగా మింగితే ఎముకలోంచి సున్నం, కాలేయంలోంచి విటమినులు, అన్నీ సరిపోయినట్టు అందుతాయి. కోడిమాంసం ముక్కలో ఎముక లేదు, కాలేయం లేదు. అది పాముకు చాలీచాలని విస్తరి.

తరువాతది పరిమాణం. మా మనవడి లెక్క చాలా తేలిక: పాము నడుము దగ్గర ఎంత లావుందో, ఎలుక అంత లావు వుండాలి. కాస్త ఎక్కువైనా పరవాలేదు గాని ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మింగిన తరువాత పొట్టమీద చిన్న ఉబ్బు కనబడాలి, పొట్లకాయకు రాయి కట్టినట్టు వుండకూడదు. మరీ పెద్దది పెడితే రెండుమూడు రోజులకు కక్కేస్తుంది, అది పాముకు పెద్ద దెబ్బ. అందుకే అక్కడి దుకాణాల్లో ఎలుకలను వయసువారీగా అమ్ముతారు. బొచ్చు రానివి పింకీలు, నూగు వచ్చినవి ఫజ్జీలు, గెంతులు నేర్చినవి హాపర్లు, ఆపైన పెద్దవి. పిల్లపాముకు అయిదారు రోజులకొక పింకీ, ఎదిగిన కార్న్ స్నేకుకు పదిరోజులకో పద్నాలుగు రోజులకో ఒక పెద్ద చిట్టెలుక. తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు. వెచ్చగా వుండనివ్వాలి. చలిలో అరగదు, కడుపులోనే కుళ్ళుతుంది.

ఇంతవరకు నేను అక్కయ్యకు ఫోనులో చెప్పాను. ఆమె విన్నది. కాని ఒక్క పట్టు మాత్రం వదల్లేదు. "ఏమైనా పెట్టుకోండి, శవాలు మాత్రం ఫ్రిజ్‌లో వుండకూడదు. అవి వుంటే నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను" అన్నది. నిజంగానే ఒకపూట ముట్టలేదు.

మా మేనల్లుడు అటు తల్లికీ ఇటు కొడుక్కీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఎలుకలన్నీ తీసి పారేశాడు. ఆ వారం పాముకు తిండి పెట్టేరోజు రాగానే దుకాణానికి వెళ్ళి ప్రాణంతో వున్న చిట్టెలుకను ఒకదాన్ని తెచ్చి, "అడవిలో అయితే ఎవరు చంపిపెడతారు, అదే పట్టుకుంటుంది" అని పెట్టెలో వదిలి, లైటు ఆర్పి పడుకున్నాడు.

ఆ పాము అప్పుడు కుబుసం విడిచేముందు వున్నది. ఆ రోజుల్లో పాముకు కళ్ళు మసకబారి నీలంగా అవుతాయి, చూపు ఆనదు, తిండిమీద ధ్యాస వుండదు. అది ఒక మూల చుట్టచుట్టుకొని పడివుంది. ఎలుకకు రాత్రంతా తినడానికేమీ లేదు. తప్పించుకునే దారీ లేదు. తెల్లవారి కుర్రవాడు లేచి చూసేసరికి పాము వీపుమీద రెండుచోట్ల తోలు కొరికి, లోపలి కండ బయటపడి వున్నది.

అడవిలో పాము అక్కణ్ణుంచి జారుకునేది, ఎలుక పారిపోయేది. అద్దాలపెట్టెలో ఇద్దరికీ తలుపు లేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు బతికివున్న ఎలుకను పాముదగ్గర వదిలి వెళ్ళరు. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకనూ పెట్టరు. దానికి పురుగులుండవచ్చు, పక్కింటివాళ్ళు పెట్టిన ఎలుకలమందు తిని వుండవచ్చు. పాములకోసమనే పెంచి, బొగ్గుపులుసు వాయువుతో చంపి, గడ్డకట్టించిన ఎలుకలే క్షేమం. ముందురోజు రాత్రి చల్లటి అరలోకి మార్చి, సంచిలో పెట్టి వేడినీళ్ళలో వుంచి, సుమారు 38 డిగ్రీల వెచ్చన వచ్చాక పొడుగాటి పట్టకారుతో అందించాలి. పట్టకారు కాస్త కదిలిస్తే ప్రాణమున్నదనే భ్రమతో పాము అందుకుంటుంది. మైక్రోవేవులో పెట్టరాదు.

ఇక్కడ అక్కయ్య పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గడ్డకట్టినంత మాత్రాన ఎలుకల్లోని సాల్మొనెల్లా క్రిములు చావవు. 2014లో అమెరికాలో ఇటువంటి ఎలుకలవల్లనే పలువురికి ఆ జబ్బు సోకింది. వాటిని మనుషుల తిండి దగ్గర వుంచవద్దనీ, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమనీ అక్కడి ఆరోగ్యశాఖవారే చెబుతారు. కరివేపాకు పక్కన ఎలుకలేమిటని అక్కయ్య అరవడం మడి మాటే కావచ్చు, శాస్త్రం కూడా అదే అన్నది. తప్పల్లా, వేరే చోటు చూడకుండా పారేయించటంలో వచ్చింది.

పశువైద్యుడు గాయం కడిగి మందురాసి పంపాడు. పాము మూడువారాలు ఏమీ తినలేదు. కుర్రవాడు నానమ్మతో ఒక్క పరుషమైన మాట అనలేదట. అదే ఆమెను కుంగదీసింది. ఒకరాత్రి, అంటే వాళ్ళకు రాత్రి, నాకు పొద్దున, ఫోను చేసి, "ఒరేయ్, ఎలుకను పెడితే పాపమనుకున్నాను. పెట్టనివ్వక ఆ మూగజీవిని కొరికించాను. ఇప్పుడు ఏది పాపంరా?" అన్నది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎలుక ప్రాణం ప్రాణం కాదా? అవును, ప్రాణమే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే తర్కం నా దగ్గర లేదు. చివరకు ఇట్లా చెప్పాను: "అక్కయ్యా, ఎలుకను చంపడం ఇష్టంలేనివాడు కుందేలును పెంచుకోవాలి, పామును తేకూడదు. తెచ్చుకున్నాక మాత్రం, దాని ఆకలి మన ఇష్టానికి లోబడాలంటే కుదరదు. మనకు పవిత్రమైనది పెట్టి అది తినాలని చూడటం దానికోసం కాదు, మనకోసమే. పదిరోజులకొక ఎలుక చావక తప్పనప్పుడు, అది బాధలేకుండా చావాలి, పాము గాయపడకుండా తినాలి. మన చేతిలో వున్నది అంతవరకే."

ఆమె ఏమీ అనలేదు. మర్నాడు కొడుకుచేత చిన్న ఐసుపెట్టె ఒకటి కొనిపించి, కారుషెడ్డులో పెట్టించింది. తన డబ్బుతోనే.

మన దేశంలో ఈ బెడద లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, ఇక్కడి పామును పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. దానికి ఏమి పెట్టాలో మనం ఆలోచించనక్కరలేదు. పొలంలో అదే చూసుకుంటుంది. మనం చేయవలసిందల్లా జెర్రిపోతు కనబడగానే కర్ర తీయకుండా వుండటం. అది ఎలుకను మింగకపోతే ఆ ఎలుక మన ధాన్యాన్ని మింగుతుంది. నాగులచవితికి పుట్ట దగ్గరకు వెళ్ళండి, దణ్ణం పెట్టుకోండి. పాలు మాత్రం కన్నంలో పోయకండి. ఇంట్లో పిల్లలకు పోయండి.

నాలుగో వారం అక్కయ్య దగ్గరనుంచి మళ్ళీ ఫోను. కుర్రవాడు పట్టకారుతో ఎలుకను అందిస్తుంటే, తాను గుమ్మం అవతల నిలబడి చూసిందట.

"తిన్నదిరా తమ్ముడూ" అన్నది. కాసేపాగి, "స్నానం చేసి వచ్చాను, మళ్ళీ చేస్తాననుకో" అన్నది. ఆ గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినబడింది.

ఇప్పుడా ఇంట్లో పాము నీళ్ళగిన్నె రోజూ కడిగి, మంచినీళ్ళు మార్చేది మా అక్కయ్యేనట. ఎలుకల పని మనవడిది. ఐసుపెట్టె మూతమీద ఆమె తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక చీటీ అంటించింది: "ఇది వంటసామాను కాదు."