డేరాకు లోపలి పొర కావాలి

2005 అక్టోబర్ 8న కశ్మీర్‌ను భూకంపం కుదిపేసింది. లక్షల మంది నిలువ నీడ కోల్పోయారు. డేరాలైతే వచ్చాయి గానీ, చాలావరకు హిమాలయాల చలికి ఆగేవి కావు.

ఒంటి పొర డేరాలో వేడి నిలవదు. లోపల మరో గుడ్డ కట్టి, మధ్యలో కొద్దిపాటి ఖాళీ వదిలితే అక్కడ చిక్కిన కదలని గాలి వేడిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. ఊపిరిలోని తేమ చల్లని బయటి పొరకు తగిలి నీరైనా, ఆ చుక్కలు పసిపిల్లల పక్కల మీద పడవు. రెండు పొరలూ అంటుకున్నచోట మాత్రం ఈ మేలు దక్కదు.

డేరా లోపల పొయ్యి పెడితే గాలి ఆడే దారి తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

సహాయక సంస్థలు ఈ లోపలి గుడ్డను అదనపు సరుకుగా చూడటం తప్పు. మంచు పడకముందే, డేరాతో పాటే అందించాలి. నేల మీద పరిచే మందపాటి చాపలూ ఆ మూటలోనే ఉండాలి.