మతం అన్న గడిలో మా అమ్మ ఏం రాయించాలి?



కొంచెం పెద్ద పోస్టే. మెస్‌లో చారు చల్లారినా పర్లేదు అనుకున్నవాళ్ళు చదవండి.

మొన్న స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే "మతం" అన్న దగ్గర ఆగిపోయాను. రూమ్‌లో నలుగురం, నలుగురం కోయోళ్ళమే. ఒకడు హిందూ అని పెట్టాడు. ఒకడు క్రిస్టియన్ అని పెట్టాడు. ఇంకొకడిని అడిగితే "నేను వాడిది చూసి పెట్టిన" అన్నాడు. నేను పదో తరగతి నుంచీ హిందూ అనే పెడుతున్నా, ఎందుకంటే అప్పుడు మా సారు అదే నింపి సంతకం పెట్టమన్నారు. నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు. ఈసారి మాత్రం చెయ్యి ఆడలేదు. ఎందుకంటే 2027 జనగణన వస్తోంది. మా ఇంటికీ ఎవరో ఒక సారు ఫారం పట్టుకుని వస్తాడు, ఇదే ప్రశ్న అడుగుతాడు. మా ఇంట్లో ఒక్క జవాబు లేదు.

మా ఇంటి సంగతి చెప్తాను. తాత మా ఇలవేల్పుకి పూజ చేసే మనిషి. కొత్త పంట వేల్పుకి పెట్టకుండా నోట్లో పెట్టడు. నాయన మేడారం జాతర ఒక్కటి కూడా వదల్లేదు, నన్ను భుజం మీద ఎక్కించుకుని జంపన్నవాగు దాటించాడంట. శ్రీరామనవమికి భద్రాచలం కూడా పోతాడు. ఎందుకు నాయనా అంటే "రాముణ్ణి పుట్టలో చూసింది మన దమ్మక్కే కదా" అంటాడు. పోకల దమ్మక్క కథ మా వైపు అందరికీ తెలుసు. తమ్ముడు రెండేళ్ళుగా అయ్యప్ప మాల వేస్తున్నాడు. భక్తి ఎంతో, దోస్తులతో పోయే బస్సు టూర్ ఎంతో నాకు తెలీదు గానీ ఆ నలభై రోజులు తంబాకు ముట్టడు, అందుకు అమ్మ సంతోషం.

అమ్మ చర్చికి పోతుంది.

అది ఎట్లా మొదలైందో చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా చెల్లికి జ్వరం వచ్చి మూడు రోజులు తగ్గలేదు. వానాకాలం, వాగు పొంగింది. తాత పూజ చేశాడు, కోడిని కోశాడు. రాత్రి పక్క ఊరి పాస్టర్ గారు వాగు ఆపక్క బండి పెట్టి నడిచి వచ్చారు. రాత్రంతా ప్రార్థన చేసి, తెల్లారి నీళ్ళు తగ్గగానే చెల్లిని ఎత్తుకుని వాగు దాటించి, బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయారు. చెల్లి ఇప్పుడు ఇంటర్. అమ్మని ఎవరైనా "ఎందుకు మారినవ్" అంటే ఒకటే మాట: "దేవుడు వచ్చిండో లేదో నేను చూడలె. బండి వచ్చింది."

ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో మతం మారినోళ్ళని డబ్బుకి అమ్ముడుపోయినోళ్ళు అని రాస్తుంటారు. మన గ్రూపుల్లో కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు. అవి చదివినప్పుడల్లా నాకు ఆ వాగు గుర్తొస్తుంది. అక్కడ వంతెన ఈ మధ్యే వేశారు.

ఇక పోయిన వేసవిలో భూమి పండుగ. తెలియనోళ్ళకి చెప్తున్నా, విత్తనాలు చల్లే ముందు చేస్తాం, విజ్జ పండుం అంటాం. మగవాళ్ళు అడవికి పోతారు. ఇప్పుడు వేట అంటే కేసు, కాబట్టి మా వాళ్ళు విల్లు పట్టుకుని పోయి చెట్ల కింద పడుకుని వస్తారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టి పాటలు పాడుతూ బండ్లు ఆపి డబ్బులు అడుగుతారు. మా అమ్మ చర్చికి పోతుంది కదా, రాదేమో అనుకున్నా. వచ్చింది. తాడు ఒక కొస అమ్మే పట్టింది. ఆర్టీసీ బస్సు ఆపారు, ఇసుక లారీ ఆపారు, ఆ తర్వాత పాస్టర్ గారి బండి వచ్చింది. అందరం ఒక్కసారి సైలెంట్. అమ్మ తాడు దించలేదు. "అయ్యగారూ, ఇరవై ఇస్తేనే దారి" అంది. ఆయన నవ్వి యాభై తీసిచ్చారు. మా పెద్దత్త అయితే చిల్లర లేదని చెప్పి మొత్తం ఉంచుకుంది. ఆ రోజు నవ్వినంత నేను హాస్టల్‌లో రెండేళ్ళలో నవ్వలేదు. సాయంత్రం మగవాళ్ళు ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్ళు ఎట్లా ఆడుకున్నారో అది రాస్తే అడ్మిన్ అన్న డిలీట్ చేస్తాడు.

ఇప్పుడు సారు ఫారం పట్టుకుని వస్తే, తాడు పట్టుకున్న మా అమ్మ ఏ మతం?

2011 ఫారంలో ఆరు మతాలకే నంబర్లు ఉండె. హిందూ, ముస్లిం, క్రిస్టియన్, సిక్కు, బౌద్ధ, జైన. మిగతావాళ్ళు పేరు పూర్తిగా రాయించుకోవాలి. అట్లా రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 79 లక్షల పైన ఉన్నారు, అందులో దాదాపు 50 లక్షల మంది సర్నా అని రాయించుకున్నారు. జార్ఖండ్ వాళ్ళు ఊరికే అది సాధించలేదు, పేరు ఒక్కటే అనుకుని అందరూ అదే చెప్పారు. 2020లో వాళ్ళ అసెంబ్లీ సర్నాకి వేరే కోడ్ ఇవ్వమని తీర్మానం కూడా చేసింది. మన దగ్గర? ఒక అన్న కోయ పునెం అంటాడు, ఇంకో అన్న ఆదివాసీ ధర్మం అంటాడు, మా తాతని అడిగితే "వేల్పు" అంటాడు. తలా ఒక పేరు రాయిస్తే లెక్కలో తలా ఒక మూలకి పోతాం. మా ఊళ్ళో అయితే పోయినసారి అడగనే లేదంట. "పేర్లు చెప్పినం, మిగతాది ఆయనే రాసుకున్నడు" అంది అమ్మ.

కాబట్టి నా మొదటి మాట, ఏది రాయించినా సరే, అడిగించుకుని రాయించండి. రాసింది చదివి వినిపించమనండి. చదువుకున్న మనం ఆ రోజు ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

రెండో మాట చెప్తే కొందరికి కోపం వస్తుంది. మతం మారినోళ్ళని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని కొంతమంది అడుగుతున్నారు. ఎస్సీ విషయంలో 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. మనకి లేదు. మనల్ని 342 అధికరణం కింద తెగగా గుర్తించారు, గుడికి పోతామా చర్చికి పోతామా అని కాదు. ఒక్కసారి మా ఇంట్లో అమలు చేసి చూడండి. నాయన ఎస్టీ, అమ్మ కాదు. ఇద్దరూ ఒకే చేలో పత్తి ఏరుతారు, ఎండాకాలం ఒకే కల్లంలో తునికాకు కట్టలు కడతారు. 1/70 చట్టం కాపాడే భూమి కూడా ఒక్కటే. సగం మడికి చట్టం ఉంటదా?

మనకి దెబ్బ తగిలినప్పుడు ఎవడూ మతం అడగలేదు. 2000లో వచ్చిన జీవో 3, ఏజెన్సీలో టీచర్ పోస్టులు వంద శాతం మనకే అన్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నేను బీఈడీ చెయ్యాలనుకుంటున్నా కాబట్టి ఇది నా సొంత బాధ కూడా. చర్చికి పోయే అక్క ఆశా పోయింది, జాతరకి పోయే అన్న ఆశా పోయింది. మా మేనమామది కూనవరం. 2014లో ఆ మండలం ఆంధ్రాలో కలిసింది, ఇప్పుడు పోలవరం ముంపు. అక్కడ గుడీ మునుగుతుంది, చర్చీ మునుగుతుంది, వేల్పు గద్దె కూడా మునుగుతుంది.

సినిమా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తమ్ముడు ఊరుకోడు. ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు వాడు థియేటర్‌లో మూడుసార్లు చూశాడు. నేనూ విజిల్ వేశాను, అబద్ధం ఎందుకు. మన భీం తెర మీద అంత పెద్దగా కనపడితే ఒళ్ళు పులకరించింది. కానీ చివర్లో ఏం కావాలో అడుగు అంటే భీం చదువు చెప్పమని అడుగుతాడు చూడండి, అక్కడ నా విజిల్ ఆగిపోయింది. భీం రాతకోతలు చందాలో ఒక ప్రెస్సులో పనిచేస్తూ నేర్చుకున్నాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు చెప్తారు. 1940లో జోడేఘాట్‌లో చనిపోయేదాకా పన్నెండు ఊళ్ళ కోసం నిజాం సర్కారుతో కొట్లాడినోడికి, ఇంకో హీరో పలక ఇవ్వాలా? అయినా కోయదొర జోస్యం కామెడీల కంటే నయమే అంటాడు తమ్ముడు. అదీ నిజమే. ఫస్ట్ ఇయర్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు చెయ్యి చాపి "జాతకం చెప్పవా" అన్నాడు. సప్లీ రాస్తావు అని చెప్పాను. రాశాడు.

నిజంగా నాకు భయం వేసేది అమ్మ చర్చి కాదు, తమ్ముడి మాల కాదు. పాస్టర్ గారు మంచివారే, కానీ డోలు దగ్గరికి పోవద్దని చెప్తారు. అమ్మ ఆ మాట సగం వింటుంది, చెల్లి మొత్తం వింటుంది. మాల వేసిన తమ్ముడు ఆ నలభై రోజులు తాత వేల్పు దగ్గర పెట్టింది ముట్టడు. కొమ్ము డాన్స్ ఎప్పుడు చూస్తున్నాం? మంత్రి గారు వస్తే స్టేజీ ముందు. మనవాళ్ళు కొమ్ములు పెట్టుకుని ఎండలో రెండు గంటలు నిలబడతారు, ఆయన రెండు నిమిషాలు కొమ్ము పెట్టుకుని ఫొటో దిగిపోతాడు. అన్ని పార్టీలూ అంతే. డోలి కోయలు వచ్చి పడిగె విప్పి మా గట్టు కథ పాడితే ఒకప్పుడు ఊరంతా తెల్లార్లూ కూర్చునేదంట. నేను నా ఇరవై ఏళ్ళలో ఒక్కసారి విన్నాను, అదీ సగం నిద్రలో.

నా వరకు నేను ఆదివాసీ అని రాయిస్తాను. అమ్మ క్రిస్టియన్ అని రాయించుకుంటానంటే పక్కన కూర్చుని అదే రాయిస్తాను, తెగ దగ్గర మాత్రం కోయ అని పడిందా లేదా చూస్తాను. తాత అయితే వేల్పు అనే అంటాడు, ఆయన్ని మార్చడం నా వల్ల కాదు.

వచ్చే సెలవులకి ఇంటికి పోయి తాత దగ్గర మా గట్టు కథ రికార్డు చేద్దామనుకుంటున్నా. ఫోన్‌లో స్పేస్ లేదు, తమ్ముడి హీరో వీడియోలు డిలీట్ చెయ్యాలి. గొడవ అవుతుంది. మీ ఇళ్ళల్లో ఎట్లా ఉంది, మీ వాళ్ళు ఏం రాయిస్తామంటున్నారు, రాయండి.