బండ్లు నిలుచు మేడ

జగిత్యాలలో ఎవరినైనను కలిసికొనవలసినప్పుడు మనము చెప్పుకొను గుర్తు గడియారపు టవరు. 1747లో జఫరుద్దౌలా కట్టించిన నక్షత్రాకారపు కోట, తన కందకముతోను బురుజులతోను, దానికంటె ఎంతయో ప్రాచీనము, ఘనమును; అయినను నాలుగు త్రోవలు కలియుచోట నిలిచి, పోవువానికిని వచ్చువానికిని కనబడు భాగ్యము ఆ గడియారమునకే దక్కినది. ఊరి చిహ్నము ఔన్నత్యమువలన గాక, ప్రయాణములు మలుపు తిరుగు తావున నుండుటవలననే పుట్టునని నా నమ్మకము. కావుననే, బండ్లు నిలుపుటకొక మేడ కట్టవలెనన్న ప్రసంగము వచ్చినప్పుడు, దానిని ఊరి వెనుక దాచవలసిన గోదాముగ తలచుట నాకు బాధ కలిగించును.

కోరుట్లలో ఊరినడుమగా సాగు 63వ నంబరు జాతీయ రహదారియే బండ్లు నిలుచు తావును. దుబాయికో మస్కట్టుకో పోవుటకు బస్సెక్కు కొడుకును సాగనంప వచ్చిన తల్లియు, చెల్లెండ్రును దిగిన కారు, దారిప్రక్కన క్షణమైన నిలువలేక, వెనుకనుండి మ్రోగు హారనుల నడుమ, పెట్టెలు దింపుట ముగియకముందే కదలవలసివచ్చును. ఏండ్ల తరబడి కన్నుల నిలుపుకొనవలసిన వీడ్కోలు అంత తొందరలో ముగియుట నేను పలుమార్లు చూచితిని. అట్టివారికి నీడయు, కూర్చుండ అరుగును, త్రాగ నీరును ఇచ్చి, ఎదుటనే బస్సును చూపు మేడ కావలెను.

హైదరాబాదున నాంపల్లి మెట్రో స్టేషను చెంత, అర ఎకరము నేలలో 15 అంతస్తుల మేడ లేచినది. అందు 10 అంతస్తులు బండ్లకే. యజమాని దిగిపోయిన పిదప యంత్రమే కారును మోసికొనిపోయి అమర్చును. అచటి నేల వెలకు అది తగును. మోటారు సైకిళ్ళే ఎక్కువగు మన ఊళ్ళకు వాలుదారి గల, గాలి వెలుతురులాడు రెండు మూడంతస్తులు చాలును. చికాగోలో బెర్ట్రాండ్ గోల్డ్‌బర్గ్ 1960వ దశకమున నిర్మించిన మరీనా సిటీ జంట సౌధములలో క్రింది 19 అంతస్తులును చుట్టలుచుట్టుకొని పైకెక్కు వాలుదారిపై నిలిచిన కార్లే. వానిని దాచక నదికెదురుగ చూపుటయే ఆ శిల్పి ధైర్యము.

నేతగాండ్ర ఊరైన సిరిసిల్లకు ఇట్టి మేడ కట్టుకొను అవకాశము ముందున్నది. మనోహరాబాదు నుండి కొత్తపల్లికి సాగు రైలుమార్గము 2023లో సిద్దిపేట చేరినది. ఆ పట్టాలు సిరిసిల్లకు రానున్నవి. జగిత్యాలకు రైలు వచ్చియు, స్టేషను ఊరికెడముగ లింగంపేటలో నుండుటచే ప్రయాణికుడు మరల ఆటో వెదకుకొనుచున్నాడు. సిరిసిల్లలోనైన రైలును, బస్సును, బండ్ల మేడను ఒక్క చూరు క్రింద చేర్చి, దాని ముఖమునకు పడుగుపేకల అల్లికవంటి జాలిగోడ అమర్చినచో, రాత్రిపాళి ముగించి, సాంచాల చప్పుడు చెవుల నింకను మ్రోగుచుండగా వచ్చిన కార్మికుడు తన బండిని ఆ నీడన నిలిపి రైలెక్కును. వేములవాడ రాజన్న దర్శనమునకై దిగిన యాత్రికుడు ఆ జాలిని చూచియే నేతగాండ్ర ఊరు చేరితినని ఎరుగును.